ఎవరి కుర్చీలో వారు

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళే బస్సులో ఒక పెద్దమనిషి చేత చీవాట్లు తిన్నాను. తప్పు నాదే. నా ముందు సీట్లో ఒకావిడ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. "నాదేముందండీ, నాకేం అభ్యంతరం లేదు. మా ఆయనకే అస్సలు ఇష్టం లేదు" అంటోంది. ఆ మా ఆయన పక్కనే, కిటికీ వైపు, బఠాణీలు నములుతూ ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నాడు. నా నోరు ఊరుకుందా? "అయితే లేచి ఆయన సీట్లో కూర్చుని చెప్పండమ్మా!" అనేశాను. గట్టిగానే అన్నాను. కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"మధ్యలో మీకేంటండీ?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. తప్పయిపోయిందండీ అని చెప్పి, ఏలూరు వచ్చేదాకా బయటికి చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ, "ఆవిడుంటే ఎంత సంబరపడేవారో!" అంది.

ఆవిడ లేరు. కిందటి వర్షాకాలంలో పోయారు. మాకు తెలిసేసరికి పది రోజులు దాటింది. విన్నరోజు ఇద్దరం ఏడ్చాం. కానీ ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఏడుపు ఎక్కువసేపు నిలవదు. మన ఊరి జట్టు కప్పు గెలుచుకొచ్చిన రోజు గురించి చెబుతుంటే ఒక ఊపు వస్తుంది చూడండి, అదే వస్తుంది. పేరు రాయను. ఆవిడ దగ్గరికి వెళ్ళినవాళ్ళందరూ కుర్చీల మేడమ్ అనేవారు. అది చాలు.

ఏలూరు పవర్‌పేటలో ఒక మందుల షాపు, దాని మీద మేడ. ఆ మేడ మీద ఒకే ఒక్క గది ఆవిడది. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వస్తే ఆ ఇంట్లో వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం ఆవిడ పని. దాన్ని ఫ్యామిలీ థెరపీ అంటారట. ఆవిడ నోటి వెంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "ఈ శనివారం కూర్చుందామాండీ?" అనేవారు, అంతే.

అరవైకి దగ్గర పడ్డ మనిషి. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉండేది, అది లేదని బల్లంతా వెతికేవారు. వాళ్ళ నాన్నగారు ఏలూరు తివాచీలు నేసేవారట. ఆయన నేసినదొకటి అరిగిపోతే ఆవిడ దాన్ని పారెయ్యలేదు. ముక్కలుగా కత్తిరించి కుర్చీల కాళ్ళకి కట్టారు, లాగినప్పుడు కిర్రుమనకుండా. ఎందుకంటే ఆ గదిలో కుర్చీలు పొద్దస్తమానం కదులుతూనే ఉంటాయి. ఏడు కుర్చీలు, ఏడూ ఏడు రకాలు. ఒకటి పేముది, ఒకటి ప్లాస్టిక్‌ది, ఒకటి ఏ ఆఫీసులోనో చక్రం ఊడిపోతే తెచ్చుకున్నది. ఆవిడ మాత్రం ఏ కుర్చీలోనూ కూర్చునేవారు కారు. కిటికీ గట్టు మీద కాళ్ళు ఆడిస్తూ కూర్చునేవారు.

మేం ఆ గదికి ఎలా చేరామో చెబుతాను. మాది గణపవరం. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పిల్లలకి చెప్పేది. రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసేనాటికి ఆమెకి నలభై మూడేళ్ళు. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు ఏలూరులో డయాలసిస్. పొద్దున్నే బస్సెక్కడం, నాలుగు గంటలు మంచం మీద పడుకోవడం, ఒంట్లో రక్తం మిషన్లోకి వెళ్ళి శుభ్రపడి తిరిగి రావడం, సాయంత్రానికి వడిలిపోయి ఇంటికి చేరడం. రెండేళ్ళు ఇలా గడిచాక డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి సూటిగా చెప్పేశారు.

"గుండె మీద పడుతోంది మాస్టారూ. ఇలా ఎంతోకాలం లాగలేం. కిడ్నీ మార్పించాలి. మీది కలిసింది. ఇంట్లో మాట్లాడుకుని రండి."

మాట్లాడుకున్నాం. అయిదు నెలలు మాట్లాడుకున్నాం! డాక్టరుగారు అడిగినప్పుడల్లా నేను, "మా అమ్మ కొంచెం భయపడుతోందండీ" అనేవాణ్ణి. మా అమ్మనడిగితే, "నాదేముంది బాబూ, మావాడు ఒప్పుకోవాలి కదా" అనేది. మా ఆవిణ్ణడిగితే, "అత్తయ్యగారికి ఇష్టం లేకుండా నేనెలా తీసుకుంటానండీ" అనేది. ఇలా ముగ్గురం ఒకరి భుజం మీద నుంచి ఒకరం మాట్లాడుతుంటే, ఆయన చివరికి పెన్ను బల్ల మీద పడేసి, "మీ ముగ్గురూ పక్క మేడ మీద మేడమ్‌ని ఒకసారి కలవండి. తర్వాతే నా దగ్గరికి రండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కిడ్నీ పాడైతే పిచ్చి డాక్టరు దగ్గరికి పంపుతాడేమిటి ఈయన అనుకున్నాను. మా అమ్మ అయితే పైకే అంది. మా అమ్మది కొల్లేటి లంక. చిన్నప్పుడు ఈ దోనెలోంచి ఆ దోనెకి కేకేసి మాట్లాడిన గొంతు. "మాకేం పిచ్చెక్కిందనుకున్నాడా!" అంటే ఆసుపత్రి వరండా అంతా వినబడింది.

అయినా వెళ్ళాం. "రండి రండి, మీకు నచ్చిన కుర్చీలో కూర్చోండి" అన్నారావిడ. ఎలా ఉన్నారని అడగలేదు. ఎవరినీ అడగరట. "మనవాళ్ళని ఆ ప్రశ్న అడక్కూడదండీ. ఆక్సిజన్ పెట్టుకుని కూడా బాగున్నామండీ అంటారు" అనేవారు.

"ఎవరు మొదలుపెడతారండీ?" అన్నారు.

మగవాణ్ణి కదా, గొంతు సవరించుకుని నేనే మొదలుపెట్టాను. "ఏం లేదండీ, మా అమ్మగారు కొంచెం భయపడుతున్నారు..."

"అలాగాండీ? అది అమ్మగారి మాట కదా. అయితే మీరు అమ్మగారి కుర్చీలో కూర్చుని చెప్పాలి. అమ్మగారూ, ఒక్కసారి లేస్తారా?"

నేను తెల్లబోయి లేచాను. మా అమ్మ లేస్తూనే అందుకుంది. "నాకేం భయమమ్మా? వాడే ఒప్పుకోవడం లేదు."

"అది అబ్బాయిగారి మాటండీ. అయితే మీరు ఆయన కుర్చీలోకి."

"ఇదేంటమ్మా? అత్తయ్యగారి మోకాళ్ళకి అసలే..." అంది మా ఆవిడ.

"మీరూ లేవండి తల్లీ. అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి అత్తయ్యగారి కుర్చీలోంచి చెప్పాలి."

ఆ కుర్చీలో నేనున్నాను! నేను మళ్ళీ లేచాను. నమ్ముతారో లేదో, డాక్టరుగారి మాటకొకటి, మా తమ్ముడి మాటకొకటి అంటూ ముప్పావుగంటలో మేం ముగ్గురం ఏడు కుర్చీలూ తిరిగేశాం. ఎవరి కుర్చీలో వాళ్ళం కూర్చుని, ఎవరి మాట వాళ్ళం చెప్పిన పాపాన పోలేదు. ఒక్కసారంటే ఒక్కసారి, మా అమ్మ తన కుర్చీలో కూలబడి, "నా మోకాళ్ళు అరిగిపోతున్నాయే తల్లీ!" అంది. ఆవిడ కిటికీ గట్టు మీద నుంచి ఒక్క దూకు దూకి, రెండు చేతులతో తొడలు చరుచుకుని, "అదండీ!" అని అరిచారు. "అదీ అమ్మగారి మాట! ఇవాళ్టికి చాలండీ. టీ తాగుదాం."

టీ తాగుతూ ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మన ప్రాంతం వాళ్ళకి మర్యాద ఎక్కువండీ. నాకొద్దు అంటే మొరటుగా ఉంటుందని, మావారికి పడదండీ అంటాం. నేను రాను అనలేక, మా అమ్మగారికి ఒంట్లో బాగోలేదంటాం. కాఫీ దగ్గర, పేరంటం దగ్గర అది ఎంత ముచ్చటగా ఉంటుందో! కిడ్నీ దగ్గర మాత్రం కుదరదండీ. ఎందుకంటే కోసేది మీ అమ్మగారి పొట్ట కాదు కదా మాస్టారూ."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, బస్సు టైమైందని లేచాను.

బస్సులో మా అమ్మ రుసరుసలాడుతూనే ఉంది. "ఇంత దూరం వచ్చింది కుర్చీలాట ఆడుకోవడానికట్రా?" మా ఆవిడ మాత్రం కిటికీకి తల ఆనించి, చాలా రోజుల తర్వాత, నవ్వుతోంది. ఆ నవ్వు కోసం నేను మళ్ళీ వెళ్ళడానికి ఒప్పుకున్నాను. అప్పటికి నాకు ఆవిడ మీద ఇంకే నమ్మకమూ లేదు.

తర్వాత నెల రోజులూ శనివారం శనివారం వెళ్ళాం. మా వంతు వచ్చేదాకా వరండాలో బల్ల మీద కూర్చుంటే, తలుపుకున్న గాజు పలక లోంచి లోపలివాళ్ళు కనబడేవారు. మాట వినబడదు. లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం మాత్రం కనబడుతుంది. ఒకసారి పెదవేగి వైపు నుంచి పామాయిల్ తోటల రైతు ఒకాయన తొమ్మిది మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలు చాలక కింద మందుల షాపు నుంచి స్టూళ్ళు తెప్పించారు. తొమ్మిది మంది ఒకేసారి లేచి కుర్చీలు మారుతుంటే, మధ్యలో ఆవిడ ట్రాఫిక్ పోలీసులా చేతులు ఊపుతున్నారు. తలుపు తీసుకుని బయటికొచ్చిన ఆ రైతు ముఖం తుడుచుకుంటూ నా పక్కన కూలబడి, "పంచాయితీ ఎలక్షన్ నయమండీ" అన్నాడు. కానీ మనిషి తేలిగ్గా ఉన్నాడు. వాళ్ళ సంగతి ఏమిటని తర్వాత ఆవిడని అడిగాను. "ఏ సంగతండీ?" అన్నారు, కళ్ళజోడు వెతుక్కుంటూ. ఒక ఇంటి మాట ఇంకో ఇంటివాళ్ళ ముందు ఎన్నడూ ఎత్తలేదు.

నాలుగో శనివారం వంతు నా దగ్గరికొచ్చింది. ఆ రోజు నేను పేము కుర్చీలో కూర్చున్నాను. నోరు తెరిచి, "మామూలుగా ఇలాంటి విషయాల్లో ఎవరైనా సరే..." అన్నాను.

"ఎవరైనా సరే గారి కుర్చీ ఇక్కడ లేదండీ" అన్నారావిడ.

కింద షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. మా ఆవిడ చేతి మీద సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన నరం కేసి చూస్తున్నాను. ఎంతసేపు చూశానో. నా నోట్లోంచి నాకే తెలియకుండా వచ్చేసింది.

"నాకు భయంగా ఉందండీ."

చెప్పానా, ఇక ఆగలేదు. స్కూల్లో టీకాల క్యాంపు పెడితే, పిల్లల్ని వరసలో నిలబెట్టిన నేనే ముందు కళ్ళు తిరిగి పడిపోయానని చెప్పాను. నా గ్రూపు కలిసిందని డాక్టరు చెప్పిన రోజు, కలవకపోతే బాగుండేదని ఒక్క క్షణం అనుకున్నానని చెప్పాను. అమ్మ భయపడుతోందన్నది అబద్ధమని, అమ్మని నేను ఒక్కసారి కూడా అడగలేదని చెప్పాను. "ఈవిడ బతకాలి. నాకు ఈవిడ కావాలి. కానీ నన్ను కొయ్యకూడదు. రెండూ నాకే కావాలండీ, ఏం చెయ్యను!" అని, నలభై తొమ్మిదేళ్ళ మగవాణ్ణి, అమ్మ ముందూ పెళ్ళాం ముందూ భోరుమన్నాను.

"అదండీ!" ఆ కేకకి మందుల షాపు ఆయన మెట్లెక్కి పైకొచ్చేశాడు. ఆవిడ చప్పట్లు కొడుతున్నారు! నేను ఏడుస్తుంటే ఆవిడ చప్పట్లు కొడుతున్నారు! "మాస్టారూ, ఇన్ని నెలల్లో కిడ్నీ గురించి మీ ఇంట్లో ఎవరైనా అన్న మొదటి సొంత మాట ఇదే!"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కానీ చిత్రం, ఆ సిగ్గు దిగిపోయాక చూసుకుంటే భయం సగమే మిగిలి ఉంది. ఆ సగంతో ఆపరేషను చేయించుకోవచ్చనిపించింది. అప్పుడే అదే కుర్చీలోంచి, "ఇస్తానండీ. భయపడుతూనే ఇస్తాను" అన్నాను.

మా అమ్మ కళ్ళొత్తుకుంది. "నేను వద్దంటే కోడల్ని చంపుకున్న అత్తనవుతాను. సరేనన్నాక వీడికేమైనా అయితే నా కొడుకుని నేనే పంపినదాన్నవుతాను. అందుకే వాడి మీద తోసేశానమ్మా. నాకు ఇద్దరూ కావాలి" అంది. ఎవరూ చెప్పకుండా తన కుర్చీలోంచే అంది. ఆవిడ వచ్చి అమ్మ మోకాలు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. నేల మీద కూర్చున్నారు.

అయిపోయింది, గెలిచేశాం అనుకున్నాను. మా ఆవిడ వైపు తిరిగాను. ఎంత మురిసిపోతుందో చూద్దామని.

"నాకొద్దు" అంది.

నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను. "అత్తయ్యగారు ఒప్పుకున్నారమ్మాయ్, నేనే కదా అత్తయ్యని" అంది మా అమ్మ.

"అత్తయ్యగారి కోసం కాదు. నాకే వద్దు" అంది. "ఈయన కిడ్నీ కడుపులో పెట్టుకుని ఈయనతో ఎలా పోట్లాడతానండీ? ఈయన ఏమీ అనరు. ఊరు అంటుంది. అత్తయ్యగారు చూపుతో అంటారు. ఎవరూ అనకపోయినా నాకు నేనే అనుకుంటాను, నోరెత్తకే, నీ ఊపిరి ఆయన పెట్టిన భిక్ష అని. ఇంకా పాతికేళ్ళు అలా నోరు మూసుకుని బతికేకంటే, వారానికి మూడుసార్లు సూది గుచ్చించుకోవడమే నయం."

మేడమ్ ఒప్పిస్తారని చూశాను. గుండె సంగతి, డాక్టరుగారి మాట, ఏదో ఒకటి చెబుతారని. "సరేనండీ" అన్నారు. అంతే!

నాకు తల తిరిగిపోయింది. "ఇదేనా మీరు చేసేది? నా చేత ఏడిపించి, తీరా ఇస్తానంటే ఈవిడ చేత వద్దనిపిస్తారా? మా మానాన మేముంటే ఎలాగో ఒకలాగ ఒప్పుకునేది!" అని అరిచాను. నా జన్మలో ఒక ఆడమనిషి మీద అంత గట్టిగా అరవలేదు. ఆవిడ కోపగించుకోలేదు. ముఖంలో ఏదో వెలుగు కూడా కనిపించింది.

"మాస్టారూ, మీకు ఇంత గొంతు ఉందాండీ! మీరిద్దరూ చివరిసారి ఎప్పుడు పోట్లాడుకున్నారు?"

ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. జబ్బుకి ముందు మా పోట్లాటలు మా వీధికి ఉచిత వినోదం. ఫ్యాను ఎంతలో పెట్టాలన్న దగ్గర్నుంచి గేటుకి తాళం ఎవరు వెయ్యాలన్నదాకా రోజుకొకటి. జబ్బు వచ్చాక? ఒక్కటీ గుర్తు రాలేదు.

"రెండేళ్ళ పైన ఒక్కటీ లేదా!" నూట అయిదు జ్వరం చూసినట్టు చూశారావిడ.

"ఈయన మంచివారైపోయారండీ" అంది మా ఆవిడ, ఫిర్యాదు చేస్తున్నట్టు. "నేనేమన్నా సరే అంటారు. తప్పు నాదైనా సరే అంటారు. చచ్చిపోయేవాళ్ళతోనే కదండీ అలా మాట్లాడతారు?"

దేవుడా! నేను ఎంత ప్రేమగా చూసుకుంటున్నానని మురిసిపోతున్నానో, ఆ ప్రేమ ఆమెకి రోజూ పాడె కడుతున్నట్టు వినబడుతోందన్నమాట. ఆ మాట తగిలిన చోట నాకు ఇప్పటికీ నొప్పే. ఏ ఆపరేషనూ అంత నొప్పి పెట్టలేదు.

ఆవిడ మందు చీటీ రాసినట్టే చెప్పారు. "కిడ్నీ సంగతి పక్కన పెట్టండి. మళ్ళీ శనివారంలోగా ఒక్క పోట్లాట. ఉత్తుత్తిది పనికిరాదు. అమ్మగారూ, చూస్తూ ఉండండి."

ఆ వారం మా ఇంట్లో జరిగినది ఎవరైనా చూసుంటే పొట్ట చెక్కలయ్యేది. సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. "నువ్వు మొదలుపెట్టు" అన్నాను. "మీరే మొదలుపెట్టండి, ఫరవాలేదు" అంది. "కూర బాగాలేదు" అన్నాను. "అవునండీ, నాకూ నచ్చలేదు" అంది. మా అమ్మ కాసేపు చూసి, "ఇదేం పోట్లాటరా, పెళ్ళిచూపుల్లాగుంది" అని లేచిపోయింది.

గురువారం నాటికి విసుగొచ్చి మానేశాం. శుక్రవారం సాయంత్రం మా ఆవిడ పెరటి షెడ్డులో పాత బకెట్టు కోసం వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. "ఏవండీ, నా స్కూటీ ఏదీ?"

ఆ స్కూటీ మీదే స్కూలుకి వెళ్ళేది. జబ్బు వచ్చాక కవరు కప్పి ఉంచింది. దాన్ని నేను రెండు నెలల కిందట మా తమ్ముడి కూతురికి కాలేజీకి వెళ్ళడానికి ఇచ్చేశాను. ఆమె బాధపడుతుందని చెప్పలేదు. "ఇచ్చేశాను. వట్లూరులో కాలేజీకి బస్సులు దొరకడం లేదంటేనూ..." అని నసిగాను.

"ఎవర్నడిగి?"

"అదేంటి, అక్కడ ఊరికే పడి ఉంది కదా..."

"ఎవర్నడిగి ఇచ్చారు? నేనింకా బతికే ఉన్నానుగా! పోయాక చీరలు పంచుతారు, ముందుగానే బండి పంచేశారా?"

నాకూ తిక్క రేగింది. రెండేళ్ళు మింగినదంతా పైకి తన్నుకొచ్చింది. "నడిపే ఓపిక ఎక్కడేడిసింది నీకు? మెట్లెక్కలేవు, బండెక్కుతావా?"

మా అమ్మ పరుగెత్తుకొచ్చి, వీధిలోకి వినబడకుండా కిటికీలు మూసింది. మూసి, ఏదో తట్టినట్టు మళ్ళీ బార్లా తెరిచింది.

"ఓపిక వస్తే ఎక్కుతాను! వచ్చేలా చెయ్యండి!" అని కేకేసింది మా ఆవిడ.

"ఎలా చెయ్యనే! చేస్తానంటే వద్దన్నది నువ్వే కదా!"

"అన్నాను! అప్పుడు మీరు గుళ్ళో దీపం పెడుతున్నట్టు ముఖం పెట్టుకుని ఇస్తానన్నారు, వద్దన్నాను. ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నారు. ఇవ్వండి, తీసుకుంటాను!"

అందరం ఆగిపోయాం. ఆయాసంతో మా ఆవిడ షెడ్డు గుంజ పట్టుకుని నిలబడింది. కాసేపటికి తనే అంది, మామూలు గొంతుతో. "స్కూటీ వెనక్కి తెప్పించండి. ఇంకో మాట. నేను వింటుండగా ఎవరి దగ్గరా 'నా కిడ్నీ ఇచ్చాను' అని చెప్పుకోకూడదు. అత్తయ్యా, మీరు కూడా."

"నేనెందుకు చెబుతానమ్మాయ్, ఇచ్చేది వాడైతే" అంది మా అమ్మ.

మర్నాడు శనివారం. మేం మేడ మెట్లెక్కుతూ ఎవరు ముందు చెప్పాలని తోసుకున్నాం. ముగ్గురం ఒకేసారి చెప్పాం. మొత్తం విన్నాక ఆవిడ ఏమంటారా అని చూస్తే, "స్కూటీ ఏ రంగండీ?" అన్నారు. మెరూన్ అంది మా ఆవిడ. "మెరూన్!" అని అదేదో స్వర్గమైనట్టు పలికి, తొడలు చరుచుకుని, గదంతా ఒక చుట్టు చుట్టొచ్చారు ఆ మనిషి.

తర్వాత ఆరు నెలలు పరీక్షలు, కాగితాలు. భార్యాభర్తలైనా సరే, బలవంతం ఏమీ లేదని ఒక కమిటీ ముందు కూర్చుని చెప్పాలి. "మీ ఇష్టంతోనే ఇస్తున్నారా? భయం ఏమీ లేదు కదా?" అనడిగారు. "ఇష్టంతోనే అండీ. భయం కూడా ఉంది, అది కూడా రాసుకోండి" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆపరేషను విజయవాడలో జరిగింది. నన్ను అయిదో రోజు పంపించేశారు. మా ఆవిణ్ణి పదో రోజు విడి గదిలోకి మార్చారు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఏలూరు నుంచి రైల్లో ఆవిడ వచ్చారు. మాస్కు, కాన్వాసు బూట్ల మీద ఆసుపత్రివాళ్ళ నీలం సంచులు, నెత్తి మీద కళ్ళజోడు. గదిలో మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను కుర్చీలో బిక్కముఖం వేసుకుని కూర్చున్నాను.

"ఏమైందండీ?" అన్నారు ఆవిడ.

మా ఆవిడ గిరుక్కున ఇటు తిరిగింది. "అడగండి ఈయన్నే! పొద్దున్న నర్సుకి చెప్పారు. తర్వాత తుడవడానికి వచ్చినావిడకి చెప్పారు. నేను నిద్రపోతున్నాననుకుని కాంటీన్ అతనికి చొక్కా ఎత్తి కుట్లు కూడా చూపించారు! నేనిచ్చాను, నేనిచ్చాను అని!"

"అది కాదే, అతను అడిగితేనూ..."

"అడిగితే చొక్కా ఎత్తేస్తారా? ఏం మాటిచ్చారు నాకు?"

"కోయించుకున్నది నేను! ఆ మాత్రం చెప్పుకోకూడదా?" అనేశాను. సరిగ్గా ఏ మాటకి ఆమె అన్ని నెలలు భయపడిందో ఆ మాటే అనేశాను. ఆవిడ కేసి చూశాను. ఆవిడ ఊపిరి బిగబట్టి మా ఆవిడ కేసి చూస్తున్నారు.

మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. "కోయించుకుంటే? కోయించుకుంటే ఏంటట! అది ఇప్పుడు నాది! నా కిడ్నీ గురించి ఊళ్ళోవాళ్ళకి చెప్పడానికి మీరెవరు!"

మాస్కు లోపల ఆవిడ నవ్వుతున్నారని కళ్ళని బట్టి తెలుస్తోంది. చప్పుడు కాకుండా వెనక్కి వెనక్కి నడిచి బయటికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేశారు. ఇంతలో అరుపులకి నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏంటండీ ఇది, పేషెంటుకి రెస్టు కావాలి" అంటోంది. "తీసుకుంటారమ్మా, తప్పకుండా తీసుకుంటారు. ముందు ఇది కానివ్వండి" అని ఆవిడ తలుపుకి వీపు ఆనించి నిలబడిపోయారు. ఆ నర్సు ఆ రోజు లోపలికి రాలేకపోయింది.

లోపల మా ఆవిడ నర్సు సంగతి ముగించి, తుడిచేవిడ సంగతి ముగించి, కాంటీన్ అతని దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆరిపోయింది. "నీళ్ళివ్వండి" అంది. మూడేళ్ళుగా చిన్న గ్లాసుతో కొలుచుకుని, గొంతు తడుపుకుని ఆపేసిన మనిషి. ఇప్పుడు ఎంత కావాలంటే అంత తాగమన్నారు. పెద్ద గ్లాసు నిండా పోసి ఇచ్చాను. ఆగకుండా, కిందికి దించకుండా, గటగటా మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, "ఎందాకా వచ్చాను?" అంది.

"చొక్కా దాకా" అన్నాను.

"ఆఁ, చొక్కా" అని మళ్ళీ అందుకుంది.